ఫ్యాన్ బెల్టు

ఫ్యాన్ బెల్టు అనేది మోటారు వాహనాలలో ఇంజను శక్తిలో కొంత భాగాన్ని నీటి పంపు, ఫ్యాను, ఆల్టర్నేటరు వంటి అనుబంధ యంత్రాలకు అందించే రబ్బరు పట్టీ. ఇంజను ముందుభాగాన క్రాంకు షాఫ్టు చివర ఉండే పుల్లీ ఈ పట్టీని తిప్పుతుంది. ఈ పట్టీ మిగిలిన పుల్లీలను తిప్పుతుంది. ఖరీదు దృష్ట్యా ఇది చాలా చిన్న వస్తువు. కానీ ఇది తెగినా, బాగా వదులైనా ఇంజను కొద్ది నిమిషాలలోనే వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది. కొన్ని డీజిలు వాహనాలలో బ్రేకుల పనితీరు కూడా దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

పాతకాలపు పికప్ ట్రక్కులలో ఎక్కువ వాటికి బెల్టు బిగువును తనంతట తానే సరిచేసుకొనే ఏర్పాటు లేదు. మనిషే చూసి, చేతితో సరిచేయాలి. అందువలన బెల్టు నాణ్యత ఎంత ముఖ్యమో దాని బిగువు కూడా అంతే ముఖ్యం. ఈ వ్యాసంలో అటువంటి పాత పికప్ ట్రక్కుల బెల్టులను పరీక్షించే, మార్చే, బిగించే పద్ధతులు, వాటి వెనుక ఉన్న భౌతికశాస్త్ర సూత్రాలు వివరించబడ్డాయి.

పేరు

మొదట్లో ఈ బెల్టు ముఖ్యంగా రేడియేటరు వెనుక ఉండే ఫ్యానును తిప్పేది కనుక దీనికి ఫ్యాన్ బెల్టు అనే పేరు వచ్చింది. ఆల్టర్నేటరును, పవర్ స్టీరింగు పంపును, ఎయిర్ కండిషనరు కంప్రెసరును తిప్పే బెల్టులను కూడా తెలుగునాట డ్రైవర్లు, మెకానిక్కులు వాడుకలో ఫ్యాన్ బెల్టు అనే వ్యవహరిస్తారు. సాంకేతిక గ్రంథాలలో వీటన్నిటికీ కలిపి డ్రైవ్ బెల్టులు అని పేరు. ఆల్టర్నేటరును చాలామంది ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. పాఠ్యపుస్తకాలలో కప్పీ అని చదువుకొనేదే మెకానిక్కుల భాషలో పుల్లీ.

ఇంజను కవాటాలను నియంత్రించే టైమింగు బెల్టు వేరు, ఫ్యాన్ బెల్టు వేరు. టైమింగు బెల్టుకు లోపలివైపు పళ్ళు ఉంటాయి, అది మూత కింద ఉంటుంది. దానిని మార్చే పద్ధతి పూర్తిగా భిన్నమైనది. ఈ వ్యాసంలో చెప్పిన విధానం దానికి వర్తించదు.

చరిత్ర

తొలినాటి వాహనాలలో శక్తిని అందించేందుకు బల్లపరుపుగా ఉండే తోలు బెల్టులు వాడేవారు. పాత బియ్యపు మరలలో, పిండిమరలలో కనిపించిన వెడల్పాటి బెల్టుల వంటివే ఇవి. తోలు తడికి సాగుతుంది, నూనె తగిలితే జారుతుంది. 1917లో అమెరికాలోని డెన్వర్ నగరానికి చెందిన గేట్స్ రబ్బరు కంపెనీలో జాన్ గేట్స్ అడ్డుకోత ఆంగ్ల అక్షరం "వి" ఆకారంలో ఉండే రబ్బరు బెల్టును రూపొందించాడు. దీనినే వి-బెల్టు అంటారు. తరువాతి దశాబ్దాలలో కార్లు, లారీలు, ట్రాక్టర్లు, వ్యవసాయపు మోటార్లు అన్నిటిలోనూ ఇది వ్యాపించింది.

వాహనంలో అనుబంధ యంత్రాలు పెరిగేకొద్దీ బెల్టుల సంఖ్య కూడా రెండుకు, మూడుకు పెరిగింది. 1979 నమూనా ఫోర్డ్ మస్టాంగ్ కారులో అన్ని యంత్రాలనూ తిప్పే ఒకే పొడవైన పలుచని బెల్టును ప్రవేశపెట్టారు. పాము వలె మెలికలు తిరుగుతూ పుల్లీలను చుట్టుకొని ఉంటుంది కనుక దీనిని సర్పెంటైన్ బెల్టు అంటారు. స్ప్రింగు గల టెన్షనరు దీని బిగువును ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. పికప్ ట్రక్కులలో మాత్రం వి-బెల్టుల అమరిక అనేక నమూనాలలో 1990 దశకం వరకు కొనసాగింది.

నిర్మాణం

వి-బెల్టులో మూడు భాగాలు ఉంటాయి.

* మోత దారాలు: బెల్టు పైభాగానికి దగ్గరగా, పొడవునా ఉండే బలమైన పాలియెస్టరు దారాలు. బెల్టుపై పడే లాగుడు బలాన్ని భరించేవి ఇవే.
* రబ్బరు: దారాల కింద, పక్కల ఉండే కృత్రిమ రబ్బరు. ఇది పుల్లీ గాడి గోడలను పట్టుకుంటుంది.
* పై పొర: కొన్ని బెల్టులకు చుట్టూ గుడ్డ చుట్టి ఉంటుంది. మరికొన్నిటికి పక్కలు కోసి వదిలివేసి, లోపలివైపు గాట్లు పెడతారు. గాట్లు గల బెల్టు చిన్న పుల్లీ చుట్టూ తేలికగా వంగుతుంది, వేడిని త్వరగా వదులుతుంది.

పని చేసే విధానం

బెల్టు పుల్లీని తిప్పడానికి కారణం ఘర్షణ. పుల్లీకి ఒకవైపు బెల్టు ఎక్కువ బిగువుగా, రెండవవైపు తక్కువ బిగువుగా ఉంటుంది. ఈ రెండు బిగువుల మధ్య తేడాయే పుల్లీని తిప్పే బలం. బెల్టు జారకుండా ఈ రెండు బిగువుల నిష్పత్తి గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో తెలిపే సూత్రాన్ని ఆయిలర్, ఐటెల్‌వైన్ అనే శాస్త్రవేత్తల పేర్లతో వ్యవహరిస్తారు. ఘర్షణ గుణకం, బెల్టు పుల్లీని చుట్టుకొన్న కోణం, ఈ రెండూ పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి ఘాతాంక రూపంలో పెరుగుతుంది.

ఉదాహరణకు ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. బల్లపరుపు బెల్టు పుల్లీని సగం చుట్టు, అనగా 180 డిగ్రీలు, చుట్టుకొంటే ఈ నిష్పత్తి సుమారు 2.6 మాత్రమే. అదే బెల్టు 36 డిగ్రీల కోణం గల గాడిలో ఇరుక్కొని కూర్చుంటే గాడి గోడలు దానిని రెండు వైపులా నొక్కుతాయి. మొద్దును చీల్చడానికి కొట్టిన చీల చెక్కలో బిగుసుకున్నట్లే బెల్టు కూడా గాడిలో బిగుసుకుంటుంది. దీనివలన ఘర్షణ గుణకం సుమారు మూడు రెట్లు పెరిగినట్లవుతుంది, నిష్పత్తి 21 వరకు చేరుతుంది. వి ఆకారం వలన కలిగే ప్రయోజనం ఇదే.

ఈ లెక్క నుండి రెండు ముఖ్యమైన విషయాలు తెలుస్తాయి.

మొదటిది, ఈ నిష్పత్తి తక్కువ బిగువు గల వైపును హెచ్చవేస్తుంది. ఆ వైపు బిగువు సున్నా అయితే దానిని ఎన్నింటితో హెచ్చవేసినా ఫలితం సున్నాయే. ఎంత కొత్త బెల్టు అయినా వదులుగా ఉంటే పనిచేయకపోవడానికి కారణం ఇదే.

రెండవది, చుట్టుకొన్న కోణం తగ్గితే పట్టు చాలా వేగంగా తగ్గిపోతుంది. పై ఉదాహరణలో కోణం 180 నుండి 120 డిగ్రీలకు తగ్గితే నిష్పత్తి 21 నుండి సుమారు 7.6కు పడిపోతుంది. ఆల్టర్నేటరు పుల్లీ చిన్నది, దానిని బెల్టు తక్కువ మేర చుట్టుకొని ఉంటుంది. అందుచేత బెల్టు వదులైనప్పుడు సాధారణంగా ముందుగా జారేది ఆల్టర్నేటరు వద్దనే. హెడ్‌లైట్ల వెలుగు తగ్గడం, బ్యాటరీ సరిగా ఛార్జి కాకపోవడం బెల్టు వదులైన తొలి గుర్తులుగా కనిపించడానికి ఇదొక కారణం.

వేగం, భారం

క్రాంకు పుల్లీ వ్యాసం 150 మి.మీ., ఆల్టర్నేటరు పుల్లీ వ్యాసం 60 మి.మీ. అనుకుంటే, ఇంజను ఒకసారి తిరిగినప్పుడు ఆల్టర్నేటరు రెండున్నర సార్లు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఈ బెల్టు సెకనుకు సుమారు 23.5 మీటర్లు, అంటే గంటకు 85 కి.మీ. వేగంతో పరుగెడుతుంది. ఇంజను నడుస్తుండగా బెల్టు దగ్గరకు చేయి పోనివ్వరాదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

14 వోల్టుల వద్ద 60 ఆంపియర్లు ఇచ్చే ఆల్టర్నేటరు 840 వాట్ల విద్యుత్తును ఇస్తుంది. దాని లోపల జరిగే నష్టాలను కూడా కలిపితే బెల్టు దానికి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు, అనగా రెండు అశ్వశక్తులు అందించాలి. హెడ్‌లైట్లు వేసిన వెంటనే వదులు బెల్టు కీచుమని అరవడానికి కారణం ఈ భారం ఒక్కసారిగా పెరగడమే.

పాత పికప్ ట్రక్కులలో అమరిక

1980 దశకపు టయోటా హైలక్స్ పికప్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ వాహనం గల్ఫ్ దేశాలలో విరివిగా వాడుకలో ఉన్నందున అక్కడికి వలస వెళ్ళిన తెలుగు డ్రైవర్లకు సుపరిచితం. దీని పెట్రోలు నమూనాలలో వాడిన 22ఆర్ ఇంజను 2,366 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం గల నాలుగు సిలిండర్ల ఇంజను. దీని బ్లాకు పోత ఇనుముతో, హెడ్డు అల్యూమినియంతో చేయబడ్డాయి. కవాటాలను నడిపేది గొలుసు కనుక ఫ్యాన్ బెల్టు తెగినా కవాటాల వరుస తప్పదు.

ఇటువంటి ఇంజనులో ప్రధాన బెల్టు క్రాంకు పుల్లీ, నీటి పంపు పుల్లీ, ఆల్టర్నేటరు పుల్లీల చుట్టూ త్రికోణాకారంలో తిరుగుతుంది. ఫ్యాను నీటి పంపు ఇరుసుకే అమర్చబడి ఉంటుంది. పవర్ స్టీరింగు, ఎయిర్ కండిషనరు ఉన్న బండ్లలో వాటికి వేరు బెల్టులు ఉంటాయి.

బిగువును సరిచేసే ఏర్పాట్లు సాధారణంగా మూడు రకాలు.

* గాడి పట్టీ: ఆల్టర్నేటరు కింద ఒక ఇరుసు బోల్టుపై ఊగుతుంది. పైన, వంపు తిరిగిన గాడి గల పట్టీలో ఒక బోల్టు ఉంటుంది. ఆల్టర్నేటరును ఇంజనుకు దూరంగా జరిపి ఆ బోల్టును బిగిస్తారు.
* సర్దుబాటు మర: ఒక పొడవాటి మరబోల్టును తిప్పితే యంత్రం మెల్లగా జరుగుతుంది. ఇది తేలికైన పద్ధతి.
* ఐడ్లరు పుల్లీ: యంత్రం కదలదు. మధ్యలో ఉన్న ఖాళీ పుల్లీని జరిపి బెల్టును బిగిస్తారు. ఎయిర్ కండిషనరు బెల్టుకు ఈ ఏర్పాటు ఎక్కువ.

భారతదేశంలో టెల్కో సంస్థ (తరువాతి టాటా మోటార్స్) 1988లో టాటామొబైల్ పేరిట పికప్‌ను విడుదల చేసింది. బెల్టును పరీక్షించే, బిగించే సూత్రాలు ఏ పికప్‌కైనా ఒకటే. బోల్టుల స్థానాలు, బిగువు కొలతలు మాత్రం ఆయా వాహనాన్ని బట్టి మారుతాయి.

బెల్టు తెగితే కలిగే ఫలితాలు

నీటి పంపు, ఫ్యాను: ఇవి ఆగిపోగానే ఇంజనులోని నీరు కదలదు. ఎండకాలంలో, బరువుతో ఎత్తు ఎక్కుతున్న బండిలో కొద్ది నిమిషాలలోనే నీరు మరుగుతుంది. ఇనుము కంటే అల్యూమినియం వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అందుచేత ఇనుప బ్లాకుపై ఉన్న అల్యూమినియం హెడ్డు వంకర పోవచ్చు, మధ్యలోని హెడ్ గాస్కెట్టు దెబ్బతినవచ్చు. అప్పుడు అయ్యే మరమ్మతు ఖర్చు బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఆల్టర్నేటరు: విద్యుత్తు ఉత్పత్తి ఆగిపోయి మీటర్ల పలకపై బ్యాటరీ గుర్తు గల ఎర్రదీపం వెలుగుతుంది. పెట్రోలు ఇంజను బ్యాటరీలో శక్తి ఉన్నంతసేపు నడిచి ఆగిపోతుంది. పాతకాలపు డీజిలు ఇంజను నడవడానికి విద్యుత్తు అంతగా అవసరం లేదు. అందువలన అది ఏమీ జరగనట్లే నడుస్తూ ఉంటుంది. ఇది మేలు కాదు, ప్రమాదం. డ్రైవరు "బ్యాటరీ సంగతి ఊరికి చేరాక చూద్దాం" అనుకొని పోనిస్తే, అంతలో ఇంజను కాలిపోవచ్చు. పాత వాహనంలో ప్రయాణం మధ్యలో ఈ దీపం వెలిగితే, బెల్టు తెగిందేమోనని ముందుగా అనుమానించి బండిని ఆపి చూడాలి.

బ్రేకులు: పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకొనేటప్పుడు ఏర్పడే శూన్యం బ్రేకు పెడలుకు సహాయబలాన్ని ఇస్తుంది. డీజిలు ఇంజనులో అటువంటి శూన్యం ఏర్పడదు కనుక దానికి ప్రత్యేకంగా ఒక వాక్యూమ్ పంపు కావాలి. అనేక డీజిలు వాహనాలలో ఈ పంపును ఆల్టర్నేటరు వెనుకభాగానే అమర్చారు. అటువంటి వాహనంలో బెల్టు తెగితే వాక్యూమ్ పంపు కూడా ఆగిపోతుంది. నిల్వ ఉన్న శూన్యంతో ఒకటి రెండుసార్లు బ్రేకు మామూలుగా పడుతుంది. తరువాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. బ్రేకులు పూర్తిగా పోవు గానీ, బండిని ఆపడానికి ఎంతో ఎక్కువ బలంతో తొక్కవలసి వస్తుంది. ఘాట్ రోడ్డులో దిగే బండికి ఇది ప్రాణాపాయం.

పవర్ స్టీరింగు: దాని బెల్టు తెగితే స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. బండి తిరుగుతుంది గానీ రెండు చేతుల బలం కావాలి.

పరీక్షించే విధానం

ఇంజను ఆపి, చల్లారిన తరువాత, తాళంచెవి తీసి దగ్గర ఉంచుకొని పరీక్షించాలి. పైనుండి చూస్తే బెల్టు వీపు మాత్రమే కనిపిస్తుంది. దోషాలు ఎక్కువగా లోపలివైపు, పక్కల ఉంటాయి కనుక బెల్టును వేళ్ళతో మెలితిప్పి, టార్చిలైటు వెలుగులో పొడవునా చూడాలి. ఈ కింది గుర్తులు కనిపిస్తే బెల్టును మార్చాలి.

* లోపలివైపు అడ్డంగా పగుళ్ళు, ఊడిన ముక్కలు
* పక్కలు అద్దంలా నున్నగా మెరవడం. బెల్టు జారుతూ వేడెక్కిందనడానికి ఇది గుర్తు.
* పక్కల నుండి దారాలు పీచులా బయటికి రావడం
* నూనె, గ్రీజు తగిలి రబ్బరు ఉబ్బి మెత్తబడడం
* బెల్టు అరిగి సన్నబడి గాడి అడుగున ఆనడం. వి-బెల్టు గాడి గోడలనే పట్టుకోవాలి. అడుగు తగిలితే ఇరుక్కొనే గుణం పోతుంది. అటువంటి బెల్టును ఎంత బిగించినా ప్రయోజనం లేదు.

పగుళ్ళు లేకపోవడమే మంచి బెల్టుకు నిదర్శనమని భావించరాదు. పాత నియోప్రీన్ రబ్బరు వయసు మీరితే పగిలేది. ఇప్పుడు విరివిగా వాడుతున్న ఇ.పి.డి.ఎం. రబ్బరు అంత తేలికగా పగలదు, కారు టైరు వలె నెమ్మదిగా అరుగుతుంది. అందుచేత అరుగుదలను కూడా గమనించాలి.

సాధారణంగా వి-బెల్టును సుమారు 60,000 కి.మీ. లేదా 4 సంవత్సరాలు, ఏది ముందైతే అప్పుడు మార్చడం మంచిది. తక్కువగా తిరిగే బండిలో కూడా వేడికి, వయసుకు రబ్బరు పాడవుతుంది.

సరైన బెల్టును ఎంచుకొనడం

బెల్టు వీపుపై ఉండే అంకెలు దాని కొలతలను తెలుపుతాయి. "ఎ.వి.13×1000" అంటే పైభాగం వెడల్పు 13 మి.మీ., పొడవు 1,000 మి.మీ. అని అర్థం. "4పి.కె.1000" అంటే పొడవునా నాలుగు పక్కటెముకల వంటి గీతలు గల 1,000 మి.మీ. బెల్టు అని అర్థం. పాత బెల్టు సాగి ఉండవచ్చు కనుక దానిని టేపుతో కొలిచి కొత్తది కొనడం సరికాదు. దానిపై ఉన్న అంకెలను లేదా తయారీదారు పట్టికను అనుసరించాలి.

వ్యవసాయపు మోటార్లకు వాడే "ఎ-42" వంటి బెల్టులు చూడటానికి ఇలాగే ఉన్నా, వాటి కోణం, వేడిని తట్టుకొనే శక్తి వేరుగా ఉంటాయి. వాటిని అత్యవసరంలో తప్ప వాహనానికి వాడరాదు. ఒకే పుల్లీల జతపై రెండు బెల్టులు పక్కపక్కన నడిచే ఇంజనులో రెండిటినీ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే భారమంతా కొత్తదానిపైనే పడి అది త్వరగా తెగుతుంది.

మార్చే విధానం

కావలసిన పనిముట్లు: బోల్టులకు సరిపడే పానాలు, ఒక బలమైన కర్ర లేదా ఇనుప కడ్డీ, స్కేలు, పొడి గుడ్డ, టార్చిలైటు.

జాగ్రత్తలు: బండిని చదునైన చోట నిలిపి హ్యాండ్ బ్రేకు వేయాలి. బ్యాటరీ రుణ ధ్రువపు తీగను విప్పాలి. ఆల్టర్నేటరు వెనుక ఉన్న లావు తీగ నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటుంది కనుక పానా తగిలితే నిప్పురవ్వలు వస్తాయి. కండువా, చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, చేతి ఉంగరం తీసివేయాలి.

# బెల్టులు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతున్నాయో కాగితంపై బొమ్మ గీసుకోవాలి. లోపలి బెల్టును తీయాలంటే ముందుగా దాని ఎదుట ఉన్న బెల్టులను తీయవలసి ఉంటుంది.
# ఆల్టర్నేటరు కింది ఇరుసు బోల్టును కొద్దిగా, పైన గాడి పట్టీలోని బోల్టును మరికొంత వదులు చేయాలి. ఇరుసు బోల్టును వదులు చేయడం మరచిపోయి బలవంతంగా కదిపితే అల్యూమినియం చెవి విరగవచ్చు.
# ఆల్టర్నేటరును ఇంజను వైపుకు నెట్టాలి. బెల్టు వదులవుతుంది. దానిని ముందుగా ఆల్టర్నేటరు పుల్లీ నుండి, తరువాత మిగిలిన వాటి నుండి తీయాలి.
# ఫ్యాను రెక్కలకు, దాని చుట్టూ ఉన్న డొప్పకు మధ్య సందు నుండి బెల్టును ఒక్కొక్క రెక్క దాటిస్తూ బయటికి తీయాలి. ఆ సమయంలో రేడియేటరు పలుచని రేకులకు చేయి గానీ పానా గానీ తగలకుండా చూసుకోవాలి.
# ప్రతి పుల్లీనీ చేతితో తిప్పి చూడాలి. గరగరలాడినా, అటూ ఇటూ ఊగినా దాని బేరింగు పాడైనట్లే. నీటి పంపు కింద ఉండే చిన్న రంధ్రం వద్ద తడి మరకలు ఉంటే పంపు లోపలి సీలు పోయిందని అర్థం. బెల్టు తీసి ఉన్నప్పుడే ఇవి స్పష్టంగా తెలుస్తాయి.
# పుల్లీ గాడులలోని మురికిని, నూనెను పొడి గుడ్డతో తుడవాలి. గాడి అంచులు వంగి ఉన్నా, తుప్పుతో గరుకుగా ఉన్నా కొత్త బెల్టు త్వరగా అరుగుతుంది.
# కొత్త బెల్టును అదే దారిలో ఎక్కించాలి. స్క్రూ డ్రైవరుతో పుల్లీ అంచు మీదుగా బలవంతంగా ఎక్కించరాదు. అలా చేస్తే లోపలి మోత దారాలు తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు గానీ కొద్ది రోజులకే బెల్టు తెగుతుంది.
# బెల్టు అన్ని గాడులలో సరిగా కూర్చున్నదో లేదో చూసి, కర్రతో ఆల్టర్నేటరును బయటికి జరిపి పట్టుకొని పై బోల్టును బిగించాలి. కర్రను ఆల్టర్నేటరు ముందువైపు, పుల్లీకి దగ్గరగా ఉన్న దళసరి భాగానికి మాత్రమే ఆనించాలి. వెనుకభాగానికి ఆనిస్తే దాని పలుచని తొడుగు పగులుతుంది. పవర్ స్టీరింగు పంపు విషయంలో దాని నూనె డబ్బాకు కడ్డీ ఆనించరాదు.
# బిగువును కొలిచి, సరిపోయిన తరువాత ఇరుసు బోల్టును కూడా బిగించాలి.
# పుల్లీలన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడాలి. పనిముట్లు ఏవీ లోపల మిగలలేదని నిర్ధారించుకొని, బ్యాటరీ తీగ కలిపి ఇంజనును నడపాలి.

బిగువును సరిచూడడం

బొటనవేలి పద్ధతి: రెండు పుల్లీల మధ్య ఉన్న పొడవైన భాగం నడుమ బెల్టును సుమారు 10 కిలోల బలంతో బొటనవేలితో నొక్కి, అది ఎంత దిగుతుందో స్కేలుతో కొలవాలి. పుల్లీ కేంద్రాల మధ్య దూరం 18 నుండి 28 సెం.మీ. ఉంటే సుమారు 6 మి.మీ., 30 నుండి 40 సెం.మీ. ఉంటే సుమారు 12 మి.మీ. దిగడం స్థూలంగా సరైన బిగువు. తయారీదారు పుస్తకంలో వేరే కొలత ఇచ్చి ఉంటే దానినే అనుసరించాలి.

కొలత పరికరం: బెల్టును పట్టుకొని బిగువును నేరుగా చూపే పరికరాలు ఉన్నాయి. ఆ కాలపు టయోటా పికప్‌ల మరమ్మతు పుస్తకాలు ఈ పరికరంపై కొత్త బెల్టుకు 125 పౌండ్లు (25 అటూ ఇటూ), వాడిన బెల్టుకు 80 పౌండ్లు (20 అటూ ఇటూ) చూపాలని సూచించాయి. నడుస్తున్న ఇంజనుపై 5 నిమిషాలు తిరిగిన బెల్టును వారు వాడిన బెల్టుగానే లెక్కించారు. కొత్త బెల్టు మొదటి కొద్దిసేపటిలోనే సాగి, గాడిలో సర్దుకొని బిగువును కోల్పోతుంది కనుకనే ఈ తేడా.

అందువలన కొత్త బెల్టు వేసిన తరువాత ఇంజనును 5 నుండి 10 నిమిషాలు నడిపి, ఆపి, చల్లారాక బిగువును మళ్ళీ చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మరొకసారి చూడాలి. కొత్త బెల్టు వేశాము కదా అని నిశ్చింతగా ఉన్న బండిలో బెల్టు జారడానికి ఈ రెండవ పరీక్ష చేయకపోవడమే చాలాసార్లు కారణం.

అతిగా బిగిస్తే

జారకూడదనే ఉద్దేశంతో బెల్టును వీణతీగలా బిగించడం మరొక పొరపాటు. పుల్లీ బేరింగుపై పడే భారం దాదాపు రెండు వైపుల బిగువుల మొత్తానికి సమానం. బిగువు పెరిగేకొద్దీ నీటి పంపు, ఆల్టర్నేటరు బేరింగులు త్వరగా అరుగుతాయి. వదులు బెల్టు కీచుమని అరిచి హెచ్చరిస్తుంది. అతిగా బిగించిన బెల్టు అరవదు, కొన్ని నెలల తరువాత నీటి పంపు కారడం మొదలైనప్పుడు గానీ తెలియదు. అప్పుడు తప్పు పంపుదని భావించి, కొత్త పంపు వేసి, బెల్టును మళ్ళీ అలాగే బిగించేవారు ఉన్నారు.

శబ్దాలు, కారణాలు

* ఇంజను స్టార్టు చేయగానే, లేదా లైట్లు వేయగానే పొడవాటి కీచు శబ్దం: బెల్టు వదులైంది లేదా నున్నబడింది.
* పిచ్చుక అరుపు వంటి, తెరలు తెరలుగా వచ్చే శబ్దం: పుల్లీలు ఒకే వరుసలో లేవు.
* ఎడతెగని గరగర: ఇది బెల్టుది కాదు, బేరింగుది.

శబ్దం ఆగడానికి సబ్బు, గ్రీజు రాయడం, గుగ్గిలం చల్లడం వంటివి చేయరాదు. ఇవి కొద్దిసేపు శబ్దాన్ని ఆపినా దోషాన్ని సరిచేయవు. పైగా మురికి అంటుకొని రబ్బరు పాడవుతుంది.

దారిలో తెగినప్పుడు

బండిని వెంటనే, సురక్షితమైన చోట ఆపి ఇంజనును కట్టివేయాలి. డీజిలు బండిలో బ్రేకు పెడలును పదేపదే తొక్కి వదలరాదు. మిగిలి ఉన్న శూన్యాన్ని ఒకే గట్టి బ్రేకుకు వాడుకోవాలి. ఇంజను వేడెక్కి ఉంటే రేడియేటరు మూత తీయరాదు. మూత కింద పీడనం ఉన్నందున నీరు 100 డిగ్రీల సెల్సియస్ దాటినా మరగకుండా ఉంటుంది. 0.9 బార్ పీడనపు మూత కింద ఇది సుమారు 118 డిగ్రీలు. మూత తీయగానే పీడనం పోయి ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరై ముఖంపైకి చిమ్ముతుంది.

నీరు కారిపోయిన ఇంజనులో ఉష్ణోగ్రత ముల్లు తక్కువగా చూపవచ్చు. ముల్లును కొలిచే పరికరం నీటిలో మునిగి ఉన్నప్పుడే సరిగా పనిచేస్తుంది. కనుక ముల్లు కిందికి దిగిందని ఇంజను చల్లబడినట్లు భావించరాదు. తాడు, గుడ్డ వంటివాటిని బెల్టుకు బదులు కట్టడం నమ్మదగిన ఉపాయం కాదు.

పాత పికప్‌లో దూరప్రయాణం చేసేవారు సరైన కొలత గల ఒక కొత్త బెల్టును, దానిని బిగించే పానాలను బండిలో ఉంచుకొనడం ఉత్తమం. పాత బెల్టును మార్చినప్పుడు అది ఇంకా పనికివచ్చే స్థితిలో ఉంటే దానిని కూడా అత్యవసరం కొరకు దాచుకోవచ్చు. ఒకసారి తమ చేతులతో మార్చినవారికి, రాత్రివేళ దారి పక్కన టార్చిలైటు వెలుగులో మార్చడం అంత కష్టం కాదు.

ఇవి కూడా చూడండి

* ఆల్టర్నేటరు
* అంతర్దహన యంత్రం
* ఘర్షణ
* కప్పీ
* రేడియేటరు
* పికప్ ట్రక్కు